అక్క చేసిందల్లా చేసే ఓబులేసు

1998లో నన్ను హిందూపురం నుంచి ధర్మవరం ప్రాజెక్టుకు బదిలీ చేశారు. హోదా మారలేదు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గానే వెళ్ళాను. కనగానపల్లి మండలంలో ఒక సెక్టారు నాకు అప్పగించారు. మా శాఖలో సెక్టారు అంటే ఇరవై దాకా కేంద్రాలున్న ప్రాంతం. ఒక్కో కేంద్రానికి ఒక టీచరు, ఒక ఆయా. వాళ్ళ పనిని చూసేది సూపర్‌వైజరు, సూపర్‌వైజర్లందరి పైనా ప్రాజెక్టు అధికారి. మా ఆయన ఉద్యోగం పెనుకొండలో కావడంతో కాపురం అక్కడే పెట్టాం. పొద్దున్నే అనంతపురం బస్సెక్కి, హైవే మీద క్రాసు దగ్గర దిగి, ఆటో దొరికితే ఆటోలో, లేకుంటే నడిచి ఊళ్ళలోకి పోయేదాన్ని.

అంగన్‌వాడీకి వచ్చే పిల్లలు రెండు రకాలు. మూడేళ్ళు నిండినవాళ్ళు పొద్దున వచ్చి కూర్చుంటారు, ఆటలు, పాటలు, కథలు వాళ్ళకోసం. మూడేళ్ళు నిండనివాళ్ళకు నెలకోసారి తూకం, టీకాలు, ఇంటికి పట్టుకుపోయే పిండి. అంతే. వాళ్ళు కేంద్రంలో కూర్చునే పిల్లల లెక్కలోకి రారు. నిబంధన పెట్టినవాళ్ళకు కారణం ఉంది. ఒక టీచరు, ఒక ఆయా కలిసి ముప్పై మందిని చూసుకుంటూ పాలు మరవని పిల్లలను కూడా కాచుకోలేరు. కానీ రెండేళ్ళ పిల్లకు ఆ సంగతి తెలియదు. అక్క పలక తీసుకుంటే తనూ తీసుకుంటుంది, అన్న బయల్దేరితే తనూ బయల్దేరుతుంది. గడప దగ్గర ఆపి వెనక్కి పంపిన పిల్లలు ఎక్కడికి పోతారనేది మా రిపోర్టుల్లో ఎక్కడా రాదు.

నేను చెప్పబోయేది బదిలీ అయిన మరుసటి ఏడు ఎండాకాలంలో జరిగింది. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆ ఊరి పేరు అవసరం లేదు. కేంద్రం టీచరు రత్నమ్మ, నలభై దాటిన మనిషి, పని మీద శ్రద్ధ ఉన్నది. ఆ రోజు తూకాల రోజు. దూలానికి తూకం యంత్రం వేలాడదీసి, దాని కొక్కేనికి గుడ్డ లాగులాంటిది తగిలించి, పిల్లలను ఒక్కొక్కరిగా అందులో కూర్చోబెట్టి చార్టులో చుక్క పెడుతున్నాం.

ఓబులేసును వాళ్ళ అవ్వ చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. రెండున్నరేళ్ళవాడు. ఒంటి మీద అక్క బడి చొక్కా, పాదాల దాకా జారుతోంది. భుజానికి గుడ్డ సంచి, దాంట్లో విరిగిన పలక ముక్క. తూకంలో కూర్చోబెడితే ఏడవలేదు. గాల్లో ఊగుతూ ఏదో రాగం తీశాడు. ఏమిటని అడిగితే రత్నమ్మ నవ్వింది.

"ఎక్కాలు మేడం. వాళ్ళక్క సరోజ మూడో తరగతి. అది ఇంటికాడ సదివేది వీడు పాడతాడు. అది పేడకళ్ళు ఎత్తితే వీడూ ఎత్తల్ల. అది నీళ్ళకు పోతే వీడూ సెంబు పట్టుకొని పోవల్ల."

తూకం బాగుంది. అవ్వకు పిండి పొట్లం ఇచ్చారు. వాడు మాత్రం పెద్దపిల్లల వరుసలోకి పోయి చాప మీద కూర్చున్నాడు. రత్నమ్మ నిబంధన ప్రకారం వాణ్ణి ఎత్తుకొని అవ్వకు అప్పజెప్పింది. వాడు గడప పట్టుకొని కాసేపు గింజుకున్నాడు. అవ్వ చంకన వేసుకొని వెళ్ళిపోయింది. అవ్వకు చూపు సరిగ్గా ఆనదు. తల్లి గంగమ్మ కూలికి పోతుంది. తండ్రి బెంగళూరు వైపు కట్టడాల పనిలో ఉంటాడు.

తూకాలు ముగిశాయి. రిజిస్టర్లు చూస్తున్నాను. అవ్వ మళ్ళీ వచ్చింది, ఈసారి ఒంటరిగా. ద్వారబంధం పట్టుకొని నిలబడి అడిగింది.

"పిల్లోడు ఈడికి వచ్చినాడా అమ్మా?"

రాలేదని చెప్పాం. సంగటి తినిపించి చెయ్యి కడుక్కోడానికి పోయిందట, తిరిగొచ్చేసరికి లేడట. ఆమె గొంతులో ఇంకా భయం లేదు, విసుగే ఉంది. పక్కింట్లో ఉంటాడు, మేకల దొడ్లో ఉంటాడు అనుకుంటోంది. రత్నమ్మ ఆయాను బడికి పంపింది. అక్క వెనకే పోయి ఉంటాడని అందరి ఊహ. మేం వీధిలోకి వచ్చి ఇల్లిల్లూ అడిగాం. మేకల దొడ్లో లేడు. పశువులను కట్టేసే గాటిపాట్లో లేడు. గడ్డివామి చుట్టూ తిరిగాను. ఎండ మిటమిటలాడుతోంది, వీధిలో మనిషి లేడు. పనికి పోగలిగినవాళ్ళంతా పొలాల్లో ఉన్నారు. మిగిలినవాళ్ళు ముసలివాళ్ళు, పసిపిల్లలు.

ఆయా పరిగెత్తుకుంటూ వచ్చింది, వెంట సరోజ. తొమ్మిదేళ్ళ పిల్ల, సన్నగా, రెండు జడలు. బడికి తమ్ముడు రాలేదని చెప్పింది. తరవాత ఎవరితోనూ మాట్లాడకుండా ఇంట్లోకి పోయి మంచం కిందకు వంగి చూసింది. బయటికి వచ్చినప్పుడు దాని ముఖం పాలిపోయి ఉంది.

"క్యాను లేదు" అంది.

నాకు అర్థం కాలేదు. రత్నమ్మకు అర్థమైంది. ఆమె చెయ్యి నా భుజం మీద పడింది. ఊరి పిల్లలు ఈత నేర్చుకునేది ఖాళీ నూనె క్యాన్లతో. మూత బిగించిన క్యానును తాడుతో వీపుకు కట్టుకొని బావిలో దూకుతారు. మధ్యాహ్నం బడి వదలగానే సరోజ, దాని స్నేహితులు పోయేది అక్కడికే. ఓబులేసు రోజూ వెంట పోయి గట్టు మీద కూర్చొని చూసేవాడట. వాడి లెక్కలో అన్నం తినడం అయితే తరవాత బావి.

"నీ క్యాను తీసుకుపోయినాడా?" అని రత్నమ్మ అడిగింది.

సరోజ తల అడ్డంగా ఊపింది. "నాది ఉండాది. మూత లేనిది లేదు."

నా ఉద్యోగంలో నేను విన్న మాటల్లో అంత భయపెట్టినది ఇంకోటి లేదు. మూత లేని క్యాను నీళ్ళల్లో నిండిపోతుంది. పైగా వీపుకు కట్టుకున్నది.

బావి ఊరి వెనక, రెండు చెనిక్కాయ చేలు, అంటే వేరుశనగ చేలు, దాటాలి. చేతుల్లో చెప్పులు పట్టుకొని పరిగెత్తాను. పోతున్నంత సేపూ చెవులు రిక్కించి వింటున్నాను, ఏడుపు వినబడాలని. ఏడుపు వినబడితే బతికి ఉన్నట్టు. ఏమీ వినబడలేదు. దూరంగా ఎక్కడో మోటారు ఒకటి ఆడుతోంది. దారిలో మట్టిలో చిన్న పాదం గుర్తులు కనిపించాయి. వాటి పక్కనే ఏదో ఈడ్చుకుపోయిన గీత. అది చూశాక ఇంకా వేగంగా పరిగెత్తాను.

గట్టెక్కి చూశాం. పెద్ద బావి. మూడు వైపులా నిలువు రాతిగోడ, ఒక వైపు వెడల్పాటి మెట్లు. నీళ్ళు చాలా కింద, పచ్చగా. ఓబులేసు నీటి అంచున ఉన్న మెట్టు మీద కూర్చున్నాడు, కాళ్ళు నీళ్ళల్లో పెట్టి. అక్క చొక్కా తడిసి మోకాళ్ళకు అంటుకుంది. క్యాను ఒళ్ళో పెట్టుకొని తాడును నడుముకు చుట్టుకోవాలని చూస్తున్నాడు. ముడి పడటం లేదు. వాడు కూర్చున్న మెట్టు మీద, దాని పై మెట్టు మీద పాచి నల్లగా మెరుస్తోంది.

రత్నమ్మ పిలవబోయింది. నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అరిస్తే వాడు ఉలిక్కిపడతాడు, లేదా లేచి నిలబడతాడు. నిలబడితే జారతాడు. నేను కిందకు పోతే? ఆ వయసు పిల్లలు మనం దగ్గరికి వస్తుంటే ఆటనుకొని ముందుకు పరిగెడతారు. అక్కడ ముందు ఉన్నది నీళ్ళే. నాకు ఈత రాదు. రత్నమ్మకూ రాదు. వెనక అవ్వ వస్తున్న చప్పుడు వినబడింది. "ఓబులేసా" అని ఆమె గొంతెత్తబోతే ఆయా అడ్డం పోయి "గమ్మునుండవ్వా, గమ్మునుండు" అని పట్టుకుంది.

సరోజ మెట్ల మీద కాలు పెట్టింది. దాన్ని ఆపాను. ఈత వచ్చినా తొమ్మిదేళ్ళ పిల్ల. భయపడిన తమ్ముడు మెడ పట్టుకుంటే ఇద్దరూ పోతారు.

"నువ్వు పిలిస్తే పైకి రాడా?" అని చెవిలో అడిగాను.

"నన్ను జూస్తే దుంకుతాడు మేడం" అంది. "నేను ఈడికొస్తే దుంకేదే కదా. వాడు అదే జేస్తాడు."

ఆ మాటతోనే నాకు దారి కనిపించింది. దూకడం కాకుండా ఇంకేం చేసినా వాడు అదీ చేస్తాడు. ఏం చెయ్యాలి? నిలబడి ఎక్కితే జారతాడు. పాచి మీద నాలుగు కాళ్ళతో ఎక్కాలి.

"మేకపిల్ల లాగా మెట్లెక్కి చూపిస్తావా? వాడికి నీ ముఖం చూపించు, తరవాత వెనక్కి తిరిగి చేతులూ మోకాళ్ళ మీద ఎక్కు. తొందరపడొద్దు. కిందకు మాత్రం పోవద్దు" అన్నాను.

సరోజ పైనుంచి కొన్ని మెట్లు దిగింది. అక్కడ కూర్చుంది. మేక అరిచినట్టు మెల్లగా అరిచింది. ఓబులేసు తలెత్తాడు. అక్కను చూడగానే వాడి ముఖం విప్పారింది. "అక్కా, నేనూ" అన్నాడు. క్యాను చూపించాడు. రత్నమ్మ చెయ్యి నేను ఇంకా వదల్లేదు.

సరోజ వెనక్కి తిరిగి, చేతులు మెట్టు మీద పెట్టి, మోకాళ్ళ మీద పాకుతూ ఒక మెట్టెక్కి మళ్ళీ అరిచింది. వాడు నవ్వాడు. తనూ అరిచాడు. పక్కకు తిరగబోయాడు. ఒళ్ళోని క్యాను జారి నీళ్ళల్లో పడింది.

క్యాను కాసేపు తేలింది. గుడగుడమని శబ్దం చేస్తూ ఒక పక్కకు ఒరిగి మెల్లగా మునగసాగింది. వాడు దాన్నే చూస్తున్నాడు. చెయ్యి చాచాడు. ఒళ్ళు ముందుకు వంగింది. తాడు ఒక కొస ఇంకా వాడి నడుం మీదే ఉంది. ముడి పడలేదు కాబట్టి అది కూడా జారుకుంటూ పోయింది.

సరోజ ఈసారి గట్టిగా అరిచింది. తలతో మెట్టును పొడిచింది, మేకపోతు కుమ్మినట్టు. ఆ పని చేయమని నేను చెప్పలేదు, దానికే తోచింది. తమ్ముడికి అది కొత్త. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మోకాళ్ళ మీదికి తిరిగాడు. తన తల కూడా మెట్టుకు తాటించి నవ్వాడు. ఒక చెయ్యి పై మెట్టు మీద వేశాడు. పాచి మీద మోకాలు జారింది, బోర్లా పడ్డాడు. పడినచోటే అక్క వైపు చూశాడు. అది వెంటనే తనూ బోర్లా పడుకుంది, ఇదీ ఆటలో భాగమన్నట్టు. వాడు లేచాడు. పాచి దాటాడు. పొడి మెట్టు మీదికి వచ్చాడు. సరోజ ఒక్కో మెట్టే ఎక్కుతోంది, ఒక్కసారి కూడా వాడికోసం చెయ్యి చాచలేదు. ఏడుస్తూనే మేకలా అరుస్తోంది. కన్నీళ్ళు మెట్ల మీద పడుతున్నాయి.

వాడు సగం పైకి వచ్చాక నేను గోడ పక్కగా దిగి, వాడికీ నీళ్ళకూ మధ్య నిలబడి, చంకల్లో చేతులు వేసి ఎత్తుకున్నాను. వాడికి కోపమొచ్చింది. ఆట చెడగొట్టానని నా భుజం కొరికాడు.

పొద్దు వాలాక గంగమ్మ కూలి నుంచి వచ్చింది. వీధిలోనే ఎవరో చెప్పారు. వచ్చీ రాగానే సరోజను జుట్టు పట్టుకొని కొట్టింది. "నువ్వు బాయికి పోబట్టే కదా వాడు పోయినాడు" అంటూ కొట్టింది. నేను అడ్డం పోయాను. ఆమె అంతటితో ఆగి గడప మీద కూలబడింది. కొడుకును తడిమి చూసింది, కాళ్ళు, చేతులు, తల. నేను చివరి బస్సు కోసం క్రాసుకు వెళ్ళిపోయాను.

తరవాతి నెల పోయినప్పుడు ఓబులేసు ఇంట్లోనే ఉన్నాడు. పాత చీర ఒక కొస వాడి నడుముకు, ఇంకో కొస మంచం కోడుకు కట్టి ఉంది. చీర పారినంత మేర తిరుగుతున్నాడు. ఎక్కాలు పాడటం లేదు. గంగమ్మ ఆ రోజు ఇంటి దగ్గరే ఉంది. విప్పమని నేను అనకముందే చెప్పింది.

"నాకు తెలుసు మేడం, నువ్వేమంటావో. నేను కూలికి పోకుంటే పొయ్యి రాజదు. ముసల్దానికి కండ్లు కనపడవు. రాత్రి కండ్లు మూస్తే బాయే కనపడతాది నాకు. కట్టెయ్యక ఏం జేయల్ల, చెప్పు."

కళ్ళు మూస్తే నాకు కనబడేదీ అదే. బావి ఉన్న రైతు మెట్లకు అడ్డంగా కంప వేయించాడు కానీ ఈతకు వచ్చే పిల్లలు దాన్ని పక్కకు జరిపి దూరేవాళ్ళు. ఇంకో సంగతి రత్నమ్మ చెప్పింది. సరోజ ఈతకు పోవడం మానేసింది. నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి చూస్తుందట. బడిలో పాఠం మధ్యలో లేచి ఇంటికి పోయి ముడి చూసి వస్తుందట.

ధర్మవరం ఆఫీసులో మా ప్రాజెక్టు అధికారికి జరిగినదంతా చెప్పాను. ఆమె విని, మూడేళ్ళు నిండనివాళ్ళను చేర్చుకోమని రాతలో ఆదేశం ఇచ్చే అధికారం తనకు లేదంది. అయితే వచ్చిన పిల్లను బయటికి పంపమని కూడా నిబంధనలో ఎక్కడా లేదు కదా అంది. హాజరు వెయ్యొద్దు, వాళ్ళ పిండి వాళ్ళకు ఎప్పటిలాగే ఇవ్వండి, కూర్చోనివ్వండి అంది. నాకు అంతే కావాలి.

కూర్చోబెట్టాక ఏం చేయించాలన్నది అసలు ప్రశ్న. పెద్దపిల్లల ఆటలు వాళ్ళకు రావు. ఊరికే కూర్చోమంటే కూర్చోరు. వాళ్ళకు కావలసింది ఆట కాదు, అక్క చేస్తున్న పని. అందుకని రత్నమ్మా నేనూ ఒక పద్ధతి పెట్టుకున్నాం. పెద్దబిడ్డ ఏం చేస్తుందో ముందు చూడాలి. ఆ పనిలో చిన్నవాడి చేతికి అందే ముక్క ఏదో వెతకాలి. దానికి వాడి సొంత సామాను ఇవ్వాలి. అక్క పలక మీద రాస్తే చిన్నవాడికి చిన్న బకెట్లో అడుగున కాసిని నీళ్ళు, ఈతచెట్టు మట్టతో చేసిన కుంచె ఇచ్చి బండ మీద గీతలు గీయమన్నాం. గీసింది ఎండకు ఆరిపోతుంది, మళ్ళీ గీస్తాడు. అక్క బట్టలు మడతపెడితే వాడికి చేతిగుడ్డలు. అక్క కసువు ఊడిస్తే వాడికి పొట్టి పొరక. అక్క చెనిక్కాయలు ఒలుస్తుంటే గింజలు ఇవ్వలేదు, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. ఒలవని కాయలను పెద్ద గంప నుంచి చిన్న గంపకు మార్చే పని ఇచ్చి, ఆయాను పక్కనే కూర్చోబెట్టాం. ధర్మవరంలో మగ్గాలవాళ్ళ దగ్గర దారం చుట్టే పాత పెద్ద కండెలు అడిగి తెచ్చాను. ఒకదాని మీద ఒకటి నిలబెట్టడానికి. హిందూపురం మార్కెట్ నుంచి పనికిరాని పట్టుగూళ్ళు తెచ్చి, గట్టి దారానికి గుచ్చి ముడివేసి ఇచ్చాం, విడిగా ఎప్పుడూ ఇవ్వలేదు.

నీళ్ళ బకెట్ సంగతి తెలిసి గంగమ్మ వచ్చి గొడవ పెట్టుకుంది. నీళ్ళంటే ఆమెకు భయం. నేను ఆమెను కాదనలేదు. ఓబులేసు వరకు నీళ్ళు మానేసి ఎర్రమట్టి ఉండ ఇచ్చాం. మొదటి వారం వాడు మధ్యాహ్నం కాగానే లేచి తలుపు వైపు పోయేవాడు. రత్నమ్మ తలుపుకు పై గొళ్ళెం పెట్టించింది.

బడి వదిలాక పెద్దపిల్లలు వచ్చి తమ్ముళ్ళ పక్కన కాసేపు కూర్చొని ఏదో ఒక పని చేసి చూపించాలని మొదట అనుకున్నాం. రెండు వారాలు చూశాక నేను ఒక సవరణ చేశాను. సరోజ రోజూ వచ్చేది, చెప్పినదానికన్నా ఎక్కువ సేపు ఉండేది, ఆడుకోడానికి పోయేది కాదు. తమ్ముడిని కాచే పని ఆ పిల్లది అయిపోయింది. అది తప్పని రత్నమ్మకు చెప్పాను. ఒక పని చూపించాక పెద్దబిడ్డను పంపెయ్యాలి, చిన్నబిడ్డ బాధ్యత మనలాంటి పెద్దవాళ్ళదే కావాలి. సరోజను పిలిచి, నువ్వు పోయి ఆడుకో, వాడు ఇక్కడ రత్నమ్మ దగ్గర ఉంటాడు, తలుపు గొళ్ళెం చూసుకో, అని చెప్పాను. అది నిజంగానే పోయి గొళ్ళెం లాగి చూసింది. ఆ తరవాతే వీధిలోకి పోయింది.

గంగమ్మ చీర విప్పడానికి వర్షాలు పడేదాకా పట్టింది. నేను తొందరపెట్టలేదు. కేంద్రంలో ఉన్నంతసేపు వాడికి కట్టు లేదు, ఇంటికి పోయాక ఉండేది. తరవాత అదీ పోయింది. మూడేళ్ళు నిండాక వాడి పేరు హాజరు పట్టీలోకి ఎక్కింది.

2004లో మళ్ళీ హిందూపురం వచ్చాను. ఒక ఇంటికి రెండేళ్ళ పాపను తూకానికి పిలవడానికి పోయినప్పుడు తల్లిని అడిగాను, పెద్దది ఏం చేస్తుందని. బడి నుంచి వచ్చాక పక్క షెడ్డులో పట్టుదారం తీస్తుందని చెప్పింది. అక్కడ గూళ్ళను కాగే నీళ్ళల్లో వేసి వేళ్ళతో కొస పట్టి లాగుతారు. పోయి చూశాను. బడికి పోయే బిడ్డ ఆ పనిలో ఉండటమే తగదు, ఆ సంగతి వేరుగా పైకి రాశాను. ఆ నీళ్ళ తొట్టి ఎత్తు పాప ఛాతీ దాకా ఉంది. పాప అప్పటికే అక్కడుంది, తొట్టి అంచు పట్టుకొని అక్క వేళ్ళను చూస్తోంది. ఆ రోజే పాపను కేంద్రానికి తీసుకుపోయాం.

ఉద్యోగంలో ఉన్నంత కాలం ఎండాకాలం ఊళ్ళకు పోతున్నప్పుడు నాకు ఆ బావే గుర్తొచ్చి భయం వేసేది. ఆ భయాన్ని పోగొట్టుకోవాలని నేను అనుకోలేదు. కొత్తగా చేరిన సూపర్‌వైజర్లకు నేను నేర్పినది ఒక్కటే. రెండేళ్ళ బిడ్డ గురించి రిపోర్టు రాసేముందు, ఆ బిడ్డ పైన అక్కలు, అన్నలు ఎవరున్నారో, వాళ్ళు బడి వదిలాక ఎక్కడికి పోతారో అడగండి. చెప్పిన చోటికి స్వయంగా పోయి చూడండి. చిన్నబిడ్డ రేపు అక్కడే ఉంటుంది.